బాబును ఏడాదిపాటు ఇక్కడే ఉంచి వెళ్ళమంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: మాది విజయవాడ. పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. మావారి ఉద్యోగం వల్ల డాలస్‌లో ఉంటున్నాం. పాపకు ఐదేళ్ళు, బాబుకు ఇరవై నెలలు. నాది హెచ్4 వీసా, ఉద్యోగం చేసే వీలు లేదు. రోజంతా ఇద్దరు పిల్లలతో ఒక్కదాన్నే. మావారు ఇంట్లోంచే పనిచేసినా తలుపు వేసుకుని మీటింగుల్లో ఉంటారు. బాబు రాత్రికి మూడుసార్లు లేస్తాడు. ఒక్కోసారి బాత్రూమ్‌లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఐదు నిమిషాలు ఊరికే కూర్చుంటాను, ఆ నీళ్ళ చప్పుడులో వాడి ఏడుపు వినపడదని. రెండు వారాల క్రితం సెలవులకు సత్యనారాయణపురంలో అత్తగారింటికి వచ్చాం. నా వాలకం చూసి అత్తయ్య "బాబును ఏడాదిపాటు మా దగ్గర ఉంచి వెళ్ళమ్మా, నువ్వు కాస్త తేరుకుంటావు" అన్నారు. మావారు "నన్నూ మా అమ్మ మూడేళ్ళు తెనాలిలో అమ్మమ్మ దగ్గరే ఉంచింది, నేను పెరగలేదా?" అంటున్నారు. గుంటూరులో మా అమ్మ మాత్రం వద్దంటోంది. అసలు బాధ ఏమిటంటే, అత్తయ్య ఆ మాట అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కన్నబిడ్డను వదిలేయాలనుకున్న నేను తల్లినేనా? నాలుగు వారాల్లో తిరుగు ప్రయాణం.
– ఒక సోదరి

జవాబు: అమ్మా, చివర అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఆ ఒక్క మాటే మిమ్మల్ని రాత్రిళ్ళు ఎక్కువ తినేస్తున్నట్టుంది. మీరు మంచి తల్లే. ఇరవై నెలలుగా కంటినిండా నిద్ర లేని మనిషితో ఎవరైనా "ఇటివ్వమ్మా, కాసేపు నేను మోస్తాను" అంటే ప్రాణం లేచిరాక ఏమవుతుంది? ఆ క్షణంలో మీ ఒళ్ళు అడిగింది నిద్ర. దాన్ని మీరు బిడ్డ మీద ప్రేమ లేకపోవడం అనుకుంటున్నారు. ఇదే మాట పైకి చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయే తల్లులను నేను చాలామందిని చూశాను. మీరు రాయగలిగారు, అందుకు సంతోషం.

ఇక అసలు విషయం. బాబును ఏడాదిపాటు వదిలి వెళ్ళవద్దనే నా సలహా. ఎందుకో చెబుతాను.

ఏడాదిన్నర పిల్లవాడికి వీడియో కాల్‌లో అమ్మ కనిపిస్తే ఏం చేస్తాడో ఎప్పుడైనా గమనించారా? కాసేపు తెర మీద ముఖాన్ని చేత్తో తడుముతాడు. ఆ తర్వాత ఫోన్‌ను తిప్పి వెనక వైపు చూస్తాడు, అమ్మ అక్కడుందేమోనని. లేదని తెలిశాక ఫోన్ కింద పడేసి వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళకు వెతకడం కూడా మానేస్తాడు. అప్పుడు ఇంట్లోవాళ్ళు "అలవాటు పడిపోయాడు, ఏడవడం లేదు" అని సంతోషిస్తారు. వాడికి మాత్రం అమ్మ వస్తుందన్న నమ్మకం తగ్గిపోయింది. ఆరేడు నెలల నుంచి మూడేళ్ళ దాకా పిల్లలు ఒకరిద్దరు మనుషులను గట్టిగా పట్టుకుని పెరుగుతారు. భయం వేస్తే పరుగెత్తుకు వెళ్ళేది వాళ్ళ దగ్గరికే. ఏడాది అంటే ఇప్పటి దాకా వాడు బతికిన కాలంలో సగం కంటే ఎక్కువ.

వదిలి వెళ్ళేటప్పటి ఏడుపు గురించే అందరూ ఆలోచిస్తారు, తిరిగి తీసుకెళ్ళే రోజు గురించి ఎవరూ ఆలోచించరు. కొన్నేళ్ళ క్రితం గుంటూరు నుంచి ఒక జంట నా దగ్గరికి వచ్చారు. బాబును పదకొండో నెలలో అమ్మమ్మ దగ్గర ఉంచి, మూడో ఏడు నిండాక తాము ఉండే చోటికి తీసుకెళ్ళారు. అక్కడ రాత్రి లేచి "అమ్మమ్మా" అని ఏడ్చేవాడట. తల్లి దగ్గరికి వెళ్తే రెండు చేతులతో తోసేసేవాడు. అన్నం తినాలన్నా ఫోన్‌లో అమ్మమ్మ చెప్పాలి. ఆ తల్లి ఏడుస్తూ, "నేను వాణ్ని ఎవరి దగ్గర్నుంచో ఎత్తుకొచ్చినట్టుంది మేడమ్" అంది. నెమ్మదిగా అంతా సర్దుకుంది, కానీ దాదాపు ఏడాది పట్టింది. ఇటు గుంటూరులో ఆ అమ్మమ్మ కూడా మంచం పట్టినంత పనయింది. అంటే పిల్లవాడు ముందు అమ్మను, తర్వాత అమ్మలాంటి అమ్మమ్మను, మూడేళ్ళు నిండేసరికి ఇద్దరినీ పోగొట్టుకున్నాడు. మీ అత్తగారికి ఆ రెండో నష్టం ఇప్పుడు తోచకపోవచ్చు.

మీ పాపను కూడా గుర్తు చేసుకోండి. ఐదేళ్ళ పిల్లకు వీసాలు, అలసట అర్థం కావు. తమ్ముడు ఎక్కువ ఏడ్చాడు, అందుకే వాణ్ని ఇండియాలో వదిలేశారు అనుకుంటుంది. మరి నేను అల్లరి చేస్తే? ఈ ప్రశ్న పాప మిమ్మల్ని అడగదు. అకస్మాత్తుగా బుద్ధిమంతురాలైపోతుంది, లేకపోతే పక్క తడపడం మొదలుపెడుతుంది.

మీవారి తెనాలి మాటకు వద్దాం. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ తరంలో ఎంతమంది అమ్మమ్మల ఇళ్ళలో పెరగలేదు! కానీ తెనాలి నుంచి విజయవాడకు రైల్లో గంట ప్రయాణం. జ్వరం వచ్చిందని కబురొస్తే సాయంత్రానికి తల్లి అక్కడ ఉండేది, పండక్కి వచ్చేది, సెలవులకు తెచ్చుకునేది. డాలస్ నుంచి విమానాలు మారి ఇంటికి చేరేసరికే ఒక రోజు గడిచిపోతుంది. వీసా స్టాంపింగ్ గడువు ముగిసి ఉంటే, వచ్చాక కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరికేదాకా తిరిగి వెళ్ళలేరు. ఆ భయంతోనే బాబుకు ఒంట్లో బాగోలేకపోయినా రాలేక అక్కడే ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళున్నారు. పైగా బాబు అక్కడ పుట్టి ఉంటే అమెరికా పౌరుడు. విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్ళకు ఇచ్చే ఓసీఐ కార్డు లేకుండా వీసా మీద వచ్చి ఉంటే ఇక్కడ ఎన్నాళ్ళు ఉండొచ్చన్నది వీసా మీదే ఆధారపడి ఉంటుంది, అది ఒకసారి చూడండి.

ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక మీవారిని మెల్లగా అడగండి: "తెనాలి రోజులు నీకేం గుర్తున్నాయి?" అని. వాదన కోసం వద్దు, నిజంగా తెలుసుకోవడానికే అడగండి. అమ్మమ్మ చేతి ముద్దలు గుర్తుండొచ్చు, వాళ్ళమ్మ ఆదివారం సాయంత్రం రైలెక్కడం కూడా గుర్తుండొచ్చు. ఆయన చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి.

మీ అత్తగారిని నేను తప్పుపట్టను. కోడలి ముఖం చూసి అలసటను గుర్తించారు. "మేం పెంచలేదా ఇద్దరిని" అనకుండా, వయసు మీద పడ్డాక మళ్ళీ పసివాణ్ని ఎత్తుకోవడానికి సిద్ధపడ్డారు. ఆ మనసుకు దణ్ణం పెట్టాలి. అందుకే ఈ సంగతి ఆమెకు చెప్పాల్సింది మీవారు. కోడలు వద్దంటే "నన్ను నమ్మలేదు" అని కష్టపెట్టుకుంటారు. కొడుకు పక్కన కూర్చుని "అమ్మా, వాణ్ని వదిలి మేం ఉండలేం. నువ్వే మా దగ్గరికి రా" అంటే ఆ మాట తీరే వేరు. వాళ్ళు మీ పురుడుకు వచ్చి ఉంటే పదేళ్ళ విజిటర్ వీసా ఇంకా చెల్లుతూ ఉండొచ్చు, చూడండి. వచ్చినప్పుడు మామూలుగా 6 నెలల వరకూ ఉండనిస్తారు. మోకాళ్ళ నొప్పులో బీపీనో ఉంటే ఇన్సూరెన్స్ మాత్రం తప్పకుండా తీసుకోండి. చలికాలంలో మీ అత్తగారు, వేసవికి గుంటూరు నుంచి మీ అమ్మగారు అనుకున్నా ఏడాదిలో చాలా భాగం మీకు తోడుంటుంది. పెద్దవాళ్ళకు అక్కడ పొద్దుపోదు, కారు లేనిదే గడప దాటలేరు. వాళ్ళను గుడికో పార్కుకో తీసుకెళ్ళే బాధ్యత మీవారిది అని ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు మీ ఇంట్లో జరగాల్సిన మార్పు. నాకు ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆయన ఇంట్లోంచి పనిచేస్తున్నారు కాబట్టి ఇంట్లో ఉన్నట్టే అని చుట్టాలందరూ అనుకుంటారు. మూసిన తలుపు అవతల మనిషి ఉండి, ఇవతల మీరు ఒంటరిగా ఉండటం, ఆయన ఆఫీసుకు వెళ్ళడం కంటే ఎక్కువ కష్టం. పిల్లలను "ష్ ష్" అంటూ ఊరుకోబెట్టే పని కూడా మీ మీదే పడుతుంది. రోజూ సాయంత్రం ఒక సమయానికి ఆయన లాప్‌టాప్ మూసెయ్యాలి. అప్పటి నుంచి బాబు స్నానం, అన్నం, నిద్రపుచ్చడం ఆయనవి. మొదటి వారం బాబు మీకోసం గుక్కపట్టి ఏడుస్తాడు. మీరు వెళ్ళి ఎత్తుకోకండి, వీలైతే చెప్పులు వేసుకుని నడకకు వెళ్ళండి. రాత్రి లేచే మూడుసార్లలో ఒకటి ఆయనది. శనివారం పొద్దున నాలుగు గంటలు మీవి. నిద్రపోతారో, స్నేహితురాలి ఇంటికి వెళ్తారో, కారులో ఊరికే కూర్చుంటారో ఎవరూ అడగకూడదు. "సాయం చేస్తున్నాను" అనే మాట మాత్రం ఆయన నోట రాకూడదు. ఇద్దరు పిల్లలూ ఆయన పిల్లలే.

పాపకు సెప్టెంబర్ 1 లోపు ఐదేళ్ళు నిండి ఉంటే, టెక్సాస్‌లో ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ ఉచితం. ఆగస్టులో బడులు తెరుస్తారు. పగలంతా పాప బడిలో ఉంటే మీకు సగం భారం తగ్గుతుంది. బాబుకు పూర్తి డేకేర్ ఖర్చు భరించలేకపోతే, అక్కడ చాలా చర్చిల్లో వారానికి రెండు రోజులు కొన్ని గంటలు చిన్నపిల్లలను చూసుకునే "మదర్స్ డే అవుట్" ఉంటుంది. మతంతో సంబంధం లేకుండా మనవాళ్ళు చాలామంది పంపిస్తుంటారు. దగ్గర్లో ఉన్న లైబ్రరీలో కథలు చెప్పే గంటకు తీసుకెళ్ళండి, డబ్బు కట్టక్కర్లేదు. కథల కంటే అక్కడికి వచ్చే మరో తల్లితో నాలుగు మాటలు మాట్లాడటం మీకు అవసరం. మీవారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ140 దరఖాస్తు మంజూరై ఉంటే హెచ్4 మీద ఉన్నవాళ్ళు పనిచేసే అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇప్పుడే కాకపోయినా, బాబు మరికాస్త పెద్దయ్యాక ఆ సంగతి లాయర్‌ను అడగండి. చదువుకున్న అమ్మాయికి ఎప్పటికీ ఇంతేనన్న భావన కూడా ఒక బరువే.

మిగిలిన నాలుగు వారాల్లో మీ అత్తగారి ప్రేమను ఇక్కడే, ఇప్పుడే వాడుకోండి. రాత్రి బాబును నానమ్మ పక్కలో పడుకోబెట్టి మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోండి. సాయంత్రం ఎండ తగ్గాక తాతయ్య వాణ్ని బీఆర్‌టీఎస్ రోడ్డు వైపు తిప్పుకొస్తారు. గుంటూరు వెళ్ళి పది రోజులు ఉండండి. అక్కడికి చుట్టాలను పిలవొద్దని, భోజనాలు పెట్టుకోవద్దని అమ్మగారికి ముందే చెప్పండి. "పిల్లలు చిక్కిపోయారు, తెలుగు రావడం లేదు" అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మీరు జవాబు చెప్పనక్కర్లేదు, అమ్మగారే చెబుతారు.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయవద్దు. ఆ కొళాయి సంగతి నన్ను ఆపింది. బాబు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, ఏ పనీ ఇష్టం లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే అది ఉత్త అలసట కాకపోవచ్చు. కాన్పు తర్వాత మొదలైన డిప్రెషన్‌ను పట్టించుకోకపోతే ఇన్నాళ్ళ దాకా కూడా లాగుతుంది. మందులతో, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. ఇక్కడ ఉండగానే ఒక సైకియాట్రిస్టును కలవండి. అంతకుముందే థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు చేయించుకోండి, అవి తగ్గినా ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంటుంది. చచ్చిపోవాలని గానీ, పిల్లలకు ఏదైనా చేసేస్తానేమోనని గానీ ఒక్కసారి అనిపించినా ఆ క్షణమే మీవారికి చెప్పండి, పిల్లలను ఆయన చేతికివ్వండి. ఇక్కడ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. డాలస్‌లో అయితే 988.

పరీక్షకు వెళ్ళే రోజు మీ వెంట మీవారు రావాలి, బాబు అత్తగారి దగ్గర ఉండాలి. రిపోర్టులు వచ్చాక నాకు మళ్ళీ రాయండి.