పెట్టెల్లోని ప్రేతసైన్యం, కార్డు మీది అప్పు

ప్రశ్న: నా వయసు 34. ఉద్యోగం చేస్తున్నాను. మూడేళ్లుగా ‘వార్‌హామర్: ఏజ్ ఆఫ్ సిగ్మార్’ అనే, చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆటలోని నైట్‌హాంట్ ప్రేతసైన్యం బొమ్మలు కొని, అతికించి, రంగులు వేస్తున్నాను. మొత్తం 186 ఉన్నాయి, వాటిలో 112 ఇంకా రంగు చూడలేదు. చేతికొచ్చే జీతంలో నెలకు 14 శాతం వీటికే పోతోంది. మొదట్లో ఒకేసారి చాలా కొనడంతో క్రెడిట్ కార్డు మీద రెండు నెలల జీతమంత అప్పు మిగిలింది. దాని వడ్డీ నెలకు 3 శాతం. జీతంలో 8 శాతం చొప్పున కడుతున్నాను. అత్యవసరానికి దాచుకున్నది ఒక నెల ఖర్చులకే సరిపోతుంది. ఈ సేకరణను పెట్టుబడి అనుకోవచ్చా? గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కొని ఇతరుల బొమ్మలకు రంగులు వేసిస్తే అప్పు తీరుతుందా? అన్నీ అమ్మేయమని నా భార్య అంటోంది.

సమాధానం: మీరు లెక్కలేవీ దాచకుండా రాశారు కాబట్టి నేనూ సూటిగానే చెబుతాను. అన్నీ అమ్మవలసిన అవసరం లేదు. అయితే మీ ఆస్తుల జాబితాలో ఈ సేకరణకు ఎదురుగా సున్నా వేసుకోండి. ఎప్పుడైనా అమ్మితే వచ్చేది అదనపు రాబడి అవుతుంది, దాని మీద ఏ ప్రణాళికా ఆధారపడకూడదు.

పెట్టుబడి అనిపించుకోవాలంటే ఒక వస్తువు ఆదాయమైనా ఇవ్వాలి, లేదా కొన్న ధరకు మించి ఇచ్చేవారైనా నమ్మకంగా దొరకాలి. ఈ బొమ్మల అచ్చులు తయారీ సంస్థ గేమ్స్ వర్క్‌షాప్ దగ్గరే ఉంటాయి కాబట్టి, దొరకడం లేదని మనం అనుకుంటున్న బొమ్మను ఆ సంస్థ మళ్లీ ఎప్పుడైనా పోసి అమ్మగలదు. పైగా 2015లో మొదలైన ఈ ఆటకు 2018, 2021, 2024లలో కొత్త ఎడిషన్లు వచ్చాయి. ప్రతిసారీ నియమాలూ, ఆటలో ఒక్కో దళానికి కట్టే విలువ అయిన పాయింట్లూ మారుతూ వచ్చాయి, వాటితోపాటే ఏ దళానికి గిరాకీ ఉంటుందో కూడా మారుతూ వచ్చింది. మీ సైన్యం చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 2018లో వచ్చిన సోల్ వార్స్ పెట్టెలో ఒక పక్షం స్టార్మ్‌కాస్ట్ ఎటర్నల్స్, రెండో పక్షం నైట్‌హాంట్. ఒక పక్షమే కావాలనుకున్నవారు రెండో పక్షాన్ని అమ్ముకోవడంతో ఆ పెట్టెలోని ప్రేతాలు పాత సరుకుగా ధారాళంగా దొరికాయి. ఇది కొనేవారికి ఎంత మేలో, అమ్మేవారికి అంత నష్టం. ఆరేళ్ల తర్వాత అదే పెట్టెలోని స్టార్మ్‌కాస్ట్ పక్షపు సాక్రోశాంక్ట్ యోధులను అమ్మకాల నుంచి తప్పించారు, ప్రేతాలు మాత్రం కొనసాగాయి. ఒకే పెట్టెలోంచి వచ్చిన రెండు సైన్యాల దారులు ఇలా విడిపోతాయని కొన్ననాడు ఊహించగలిగేవారు అరుదు.

ఇక అప్పు సంగతి. నేను ఎక్కువగా ఆందోళన పడేది దీని గురించే. మీ నెల జీతాన్ని 100 అనుకుంటే అప్పు 200, దాని మీద మొదటి నెల వడ్డీ 6. మీరు కట్టే 8లో అసలుకు చేరేది 2 మాత్రమే. ఇలాగే సాగితే అప్పు తీరడానికి 47 నెలలు పడుతుంది, వడ్డీ రూపంలోనే దాదాపు ఒకటిముప్పావు నెల జీతం పోతుంది. నెలకు 3 శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది గానీ, చక్రవడ్డీతో ఏడాదికి అది 42.6 శాతం అవుతుంది. బొమ్మల మీద పెడుతున్న 14 శాతంలో 10 శాతాన్ని ఇటు మళ్లించి నెలకు 18 చొప్పున కడితే, అదే అప్పు 14 నెలల్లో తీరిపోతుంది, వడ్డీ అర నెల జీతం కూడా దాటదు. ఇంతకంటే తక్కువ వడ్డీకి బ్యాంకు రుణం దొరికితే దానితో కార్డు అప్పు తీర్చేయడం ఇంకా మంచిది. కాకపోతే ఆ తర్వాత కార్డును ఈ అభిరుచికి వాడనని ముందే తీర్మానించుకోవాలి, లేకపోతే ఒకటికి రెండు అప్పులవుతాయి. దాచుకున్న ఒక నెల ఖర్చులను ఈలోగా కదిలించకండి. అప్పు తీరిన మరుసటి నెల నుంచి ఆ 18ని ఆరు నెలల ఖర్చులకు సరిపడా నిధి ఏర్పడేవరకు అందులోనే వేయండి.

మిగిలిన 4 శాతంతో ఈ అభిరుచి బతుకుతుందా అని మీకు సందేహం రావచ్చు. నిస్సందేహంగా బతుకుతుంది, ఎందుకంటే మీ దగ్గర కొరతగా ఉన్నది తీరిక సమయం. మీరు వారానికి నాలుగు గంటలు కుంచె పడతారనుకుందాం. రంగు పడని 112లో చెయిన్‌రాస్ప్ వంటి సాధారణ ప్రేతాలు 100, బ్లాక్ కోచ్ రథం, నాయకుల వంటి పెద్దవి 12 అనుకుంటే, మొదటివాటికి ఒక్కో గంట, రెండోవాటికి ఏడేసి గంటల లెక్కన 184 గంటల పని ఉంది. అంటే 46 వారాలు. దాదాపు ఏడాదికి సరిపడా సంతోషాన్ని మీరు ఇప్పటికే డబ్బు పెట్టి కొనేసి అల్మరాలో ఉంచారు! ఒక పెట్టె పూర్తిగా రంగు పూసుకుని బల్ల మీదికి వచ్చాకే మరో పెట్టె కొనండి. మీ కొనుగోలు మీ కుంచె వేగాన్ని దాటనంతవరకు ఈ ఖర్చు అదుపులోనే ఉంటుంది.

ఒక విషయంలో మీరు ఎంచుకున్న సైన్యం మీకు కలిసివచ్చింది. ప్రేతాలకు రంగుల ఖర్చు చాలా తక్కువ. తెల్లటి ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) మీద నైట్‌హాంట్ గ్లూమ్ అనే రంగునో హెక్స్‌రైత్ ఫ్లేమ్ అనే రంగునో ఒక పూత వేస్తే, ఆ పలుచని రంగు చిరిగిన ముసుగు మడతల్లోకి తనంతట తానే జారి చిక్కబడుతుంది, ఎత్తుగా ఉన్న అంచుల మీద తెలుపు పైకి తేలుతుంది. ఆరాక పాలిపోయిన రంగుతో పొడికుంచె ఆడించి, కత్తికి గోధుమ రంగు వేసి, అంచున నారింజ చుక్కలతో తుప్పు దిద్దితే బొమ్మ పూర్తయినట్లే. నాలుగైదు సీసాలతో ఒక సైన్యమంతా నడుస్తుంది. ఈ పద్ధతికి ఎయిర్‌బ్రష్ తప్పనిసరి కాదు. అది కొంటే దాని వెంట కంప్రెసర్, శుభ్రపరిచే ద్రవాలు, ముఖానికి మాస్కు, గాలి ఆడే చోటు కూడా కావాలి. అప్పు తీరేదాకా ఆ ఆలోచన వాయిదా వేయండి. ఆడుకోవాలన్న ఆత్రం ఉంటే, 2,000 పాయింట్ల సైన్యం సిద్ధమయ్యేదాకా ఆగనక్కరలేదు. 2024 ఎడిషన్‌తో వచ్చిన స్పియర్‌హెడ్ పద్ధతిలో ఒక పెట్టెలోని చిన్న దళంతోనే పూర్తి ఆట ఆడవచ్చు.

ఇతరులకు రంగులు వేసివ్వడం గౌరవప్రదమైన పనే. కానీ దాని ఆదాయాన్ని గంటల్లో లెక్కవేయండి. అతికించడం, అచ్చు గీతలు గీకడం, ప్రైమర్, రంగు, వార్నిష్, ఫొటోలు, ప్యాకింగ్, కొనుగోలుదారు చెప్పే మార్పులు, వీటన్నిటి సమయాన్ని కలిపి, రంగుల ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని గంటలతో భాగించండి. వచ్చిన అంకె మీ ఉద్యోగపు గంట సంపాదనలో ఎన్నో వంతు ఉందో చూశాక నిర్ణయించుకోండి. వారానికి ఉన్నవే నాలుగు గంటలు, వాటిని అమ్ముకుంటే మీ 112 అలాగే మిగిలిపోతాయి. ప్రయత్నించి తీరాలనిపిస్తే ఉన్న కుంచెలతోనే, సగం డబ్బు ముందుగా తీసుకుని, పది బొమ్మల పని ఒకటి చేసి చూడండి.

మీ శ్రీమతి మాటలో న్యాయం లేకపోలేదు. అందుకే కొంత అమ్మమని నేను కూడా అంటాను. తగ్గింపు ధరకు వచ్చిందని రెండోసారి కొన్న పెట్టెలు, ఇంకా సీలు విప్పనివి ముందుగా అమ్మకానికి పెట్టండి, ఎందుకంటే వాటికి వచ్చినంత ధర రంగు వేసినవాటికి సాధారణంగా రాదు. మీకు అపురూపమైన పూత కొనేవారికి ఒక్కోసారి కరిగించి తీసేయవలసిన పనిగా కనిపిస్తుంది. అదీగాక ఈ ప్రేతాలను ఆధారానికి పట్టి ఉంచే సన్నని పొగతోకలు రవాణాలో తేలికగా విరుగుతాయి. విప్పిన పెట్టెలైతే, అందులోని కాగితం చూసుకుంటూ స్ప్రూ (బొమ్మ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద ప్రతి భాగం ఉందో లేదో సరిచూసి, లేనివాటిని ప్రకటనలోనే రాయండి. వచ్చిన సొమ్మును అదే రోజు కార్డు ఖాతాలో జమచేయండి. మీరు రంగులు వేసి, ఆడి, ఇష్టంగా దాచుకున్న ఆ 74 మాత్రం మీ అల్మరాలోనే ఉండనివ్వండి.