చెయ్యి ఊపితే మారే తెర: కెమెరా కంటే ముందు చూసుకోవాల్సినవి

మీ ఊరి గ్రంథాలయం హాల్లో, ముట్టుకోకుండా చెయ్యి ఊపితే జిల్లా చరిత్ర బొమ్మలు మారే తెర పెట్టాలి, కినెక్ట్ (ఎక్స్‌బాక్స్ వీడియో గేముల కోసం వచ్చిన, ఒంటి కదలికల్ని పసిగట్టే కెమెరా) కొనాలా లేక మామూలు వెబ్‌క్యామ్ సరిపోతుందా అని అడిగారు. వెబ్‌క్యామ్ చాలు. ఎక్స్‌బాక్స్ కినెక్ట్ తయారీ 2017లోనే ఆపేశారు, ఇప్పుడు దొరికేది సెకండ్ హ్యాండే. వెబ్‌క్యామ్ బొమ్మలో మనిషి చేతుల్నీ కీళ్లనీ గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్, గూగుల్ వాళ్ల మీడియాపైప్, ఉచితం. కాకపోతే రెండు మీటర్ల దూరంలో వేళ్లని నమ్ముకోకండి, భుజం, మోచెయ్యి, మణికట్టు పట్టుకుంటే చాలు.

విజయనగరంలో ఒక ప్రభుత్వ భవనం వరండాలో ఇలాంటిదే నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి పెట్టాం. కోట, గంటస్తంభం, బొబ్బిలి వీణ ఫొటోలు. మాది పాత కినెక్ట్. రాత్రి ఇంట్లో భేషుగ్గా పనిచేసింది. ప్రారంభం రోజు పొద్దున్న తొమ్మిదికి తూర్పు గుమ్మం తీశారు, ఎండ తిన్నగా లోపలికి పడింది. కినెక్ట్ చూసేది కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో, ఎండలో ఉండేదీ అదే. పెద్దాయన ఒకరు చెయ్యి ఊపుతూనే ఉన్నారు, తెర మాత్రం ఉలకదు పలకదు. మా ముగ్గురికీ చెమటలు! తర్వాత తెరని లోపలి గోడకి మార్చాం. వెబ్‌క్యామ్‌కైనా మనిషి వెనక వెలుతురుంటే నల్లటి ముద్దే కనిపిస్తుంది. అందుకని కొనేముందు ఆ హాల్లో ఎనిమిదికీ, పన్నెండుకీ, నాలుగుకీ ఒక్కోసారి నిలబడి చూడండి.

‘చెయ్యి ఊపండి’ అని బోర్డు పెడితే ఎవరూ చదవలేదు. అద్దం మీద వేలితో పొడిచి, “ఏటి బాబూ, ముట్టుకుంటే పలకదా?” అనేవారు. ఒక మామ్మగారైతే దణ్ణం పెట్టి నిలబడ్డారు. చివరికి మనిషి రాగానే తెర మీద వాళ్ల నీడ కదిలేలా చేశాం. అంతే, పిల్లలు గంతులు మొదలెట్టారు. బోర్డు తీసేశాం.

ఎడమకి ఊపితే ముందుకు, కుడికి ఊపితే వెనక్కి అనే పద్ధతి మాత్రం పెట్టకండి. ఊపిన చెయ్యి మళ్లీ వెనక్కి రావాలి కదా, దాన్నీ ఊపే అనుకుని వెళ్లిన బొమ్మని తిరిగి తెచ్చేది. దానికంటే తెర మీది గుర్తుకి ఎదురుగా గాల్లో చెయ్యి ఒక సెకను ఆపితే చుట్టూ గీత నిండి తెరుచుకునేలా పెట్టండి. మేం మొదట రెండు సెకన్లు పెడితే “సెయ్యి లాగేస్తంది నాయనా” అన్నారు. గుర్తులు భుజం కంటే కిందే ఉండాలి, అదీ ఎదురుగా ఉన్న మనిషి భుజాన్ని బట్టి. లేకపోతే మూడో క్లాసు పిల్లలకి అందవు.

తొలేళ్ల రోజు (పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ముందు రోజు) జనం ఎగబడితే ఎవరి చెయ్యి ఎవరిదో దానికి తెలియలేదు. నేల మీద పాదాల గుర్తులు వేసి, అక్కడున్న మనిషినే చూడమన్నాం.

కరెంటు పోయి వస్తే ప్రోగ్రామ్ దానంతటదే మొదలవ్వాలి, ఇది మర్చిపోకండి. చెయ్యి ఎత్తలేని వాళ్ల కోసం పక్కన రెండు మామూలు బటన్లు కూడా పెట్టండి. మా దగ్గర వాచ్‌మన్ గారు ఇప్పటికీ వాటినే నొక్కుతారు.