మాట్లాడేవాళ్ళు ఒక్కరూ మిగలని భాషను మళ్ళీ బతికించవచ్చా?

బతికించవచ్చు. కాకపోతే ఆ భాష రాతలోనో రికార్డింగుల్లోనో మిగిలి ఉండాలి, దాన్ని పిల్లలతో పొద్దస్తమానం మాట్లాడే మొండివాళ్ళూ కావాలి.

ఈ ప్రశ్నకు అందరూ యూదుల భాష హీబ్రూనే ఉదాహరణగా చెబుతారు. నాకది సరైన ఉదాహరణ అనిపించదు. ఇళ్ళలో మాట్లాడటం ఎప్పుడో ఆగిపోయినా, ప్రార్థనల్లో, రాతల్లో అది సాగుతూనే వచ్చింది. దాన్ని మళ్ళీ ఇళ్ళలో మాట్లాడించాలని పూనుకున్నవాడు, 1881లో పాలస్తీనా చేరిన ఎలియెజర్ బెన్ యెహూదా. అతను తన కొడుకు చెవిన వేరే భాష పడకుండా పెంచాలని పట్టుబట్టాడు (ఆ పిల్లాడి అవస్థ వేరే కథ). నిఘంటువుకు సరైన మాట లేదని 'మిలోన్' అనే పదాన్ని తనే పుట్టించాడు.

అసలు పోయి తిరిగొచ్చిన భాష మాంక్స్. ఇది ఐరిష్ సముద్రంలోని ఐల్ ఆఫ్ మాన్ దీవిది. దాన్ని పుట్టుకతో మాట్లాడిన చివరి మనిషిగా చెప్పుకునే నెడ్ మాడ్రెల్ 1974లో చనిపోయాడు. అదృష్టం ఏంటంటే, 1948లోనే ఐర్లండ్ జానపద కమిషన్ వాళ్ళు వచ్చి, అప్పటికి మిగిలిన ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసుకున్నారు. వ్యాకరణం పుస్తకంలో దొరుకుతుంది గానీ, యాస, మాట విరుపు వింటేనే పట్టుబడతాయి. కొందరు యువకులైతే నేరుగా ఆ ముసలివాళ్ళ దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. 2001లో మాంక్స్ మీడియం బడి మొదలైంది. 2009లో యునెస్కో ఈ భాష అంతరించిందని ప్రకటిస్తే, ఆ బడి పిల్లలు మాంక్స్‌లోనే ఉత్తరాలు రాశారు. యునెస్కో మాట మార్చుకుంది.