మూతి నుంచి మందు నింపే రైఫిల్‌లో గుండుకు గుడ్డ ఎందుకు చుడతారు?

గుండు గొట్టం లోపలి మెలి గాడులను నేరుగా అందుకోలేదు కాబట్టి, ఆ గాడుల తిప్పుడును గుండుకు అందించడానికే గుడ్డ చుడతారు.

మూతి నుంచి దిగాలంటే సీసపు గుండు గొట్టం కంటే కాస్త చిన్నదిగా ఉండాలి. ఉత్తగా వేస్తే అది సరిగా తిరగదు, గురి నిలవదు. చుట్టూ ఉన్న సందులోంచి మందు వాయువు కూడా జారిపోతుంది. కొవ్వు పట్టించిన నూలు గుడ్డ నలిగి ఆ సందునూ గాడులనూ నింపి, గుండును పట్టుకుని తనతో తిప్పుతుంది.

0.50 అంగుళాల గొట్టానికి మామూలుగా 0.490 గుండు, 0.015 మందం గుడ్డ వాడతారు. ఒక్కో పక్క సందు 0.005 మాత్రమే, అంటే గుడ్డ మందంలో మూడో వంతు. అందుకే మొదట పొట్టి కర్రతో కొట్టి దింపాలి. తర్వాత కడ్డీతో మందుకు ఆనేదాకా నెట్టాలి. ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు: మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలనూవచ్చు.

గుడ్డ కూడా గుండుతో పాటే గురి దాకా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అది మూతి దాటగానే గాలికి విడిపోయి కొన్ని గజాల్లోనే పడిపోతుంది. దాన్ని ఏరి చూస్తే చాలా తెలుస్తుంది. కాలి చిల్లు పడితే గుడ్డ పలచన, లేదా కొవ్వు చాలలేదు. కోసినట్టు చీలికలుంటే మూతి అంచో, గాడుల అంచో మరీ పదునుగా ఉంది. సింథటిక్ గుడ్డ మాత్రం వద్దు, వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది.