బ్యాండ్‌సా స్టాండు గురించి రాస్తున్న తమ్ముడికి

హనుమకొండ

తమ్ముడూ,

చేతి బ్యాండ్‌సాను (చక్రాల మీద తిరిగే పట్టీ బ్లేడుతో ఇనుము కోసే మిషన్) నిలువుగా నిలబెట్టి, పైన టేబుల్ ప్లేటు బిగించే స్టాండు ఎట్ల చెయ్యాల్నో నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివిన. స్టాండు బాగనే చేసినవని ఫొటోలు చూస్తే తెలుస్తది. చిక్కంతా రాత దగ్గరే. మొదటి వాక్యంలోనే "లోహములను కోయు చేతి పట్టీ రంపము" అని పెట్టినవు. ములుగు రోడ్డులో ఏ వెల్డింగ్ షాపుకు పోయి ఈ మాట అన్నా, ఏం కావాలన్నా అని మళ్లీ అడుగుతరు. బ్యాండ్‌సా అని రాయి. మూల మట్టం చూసే గునియాను గునియా అను, వెల్డింగ్ చుక్క టాకును టాకు అను. నీ వ్యాసం చదివేది గేట్లు, గ్రిల్లులు, కేజ్ వీల్స్ చేసే పిల్లలు. వాళ్ల నోట్లో లేని మాట నీ కాగితం మీద ఎందుకు?

టేబుల్ ప్లేటు మందం 6 మి.మీ. అని రాసి ఊకున్నవు. ఇనుప దుకాణంలో "రెండు సూత్‌లదా?" అని అడుగుతరు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3 మి.మీ. పైచిలుకు. కాబట్టి రెండు లెక్కలూ రాయి. అంతకన్నా ముఖ్యం, 6 ఎందుకో రాయి. రాయకపోతే చదివినోడు షెడ్డులో పడి ఉన్న 3 మి.మీ. ముక్కతోనే కానిస్తడు. ప్లేటును బిగించే ఎం6 (6 మి.మీ. లావు) కౌంటర్‌సంక్ స్క్రూ, అంటే తల ప్లేటులో మునిగే స్క్రూ, దాని తల లోతే 3 మి.మీ. దాటుతది. పలుచటి ప్లేటులో తల మునగదు, నెట్టిన ప్రతి పైపూ దానికి తట్టుకుంటది. 6 మి.మీ. ప్లేటులో తల మునిగినంక కూడా కింద రెండున్నర మి.మీ. ఇనుము మిగులుతది. 250 × 250 ముక్క మూడు కిలోల లోపే తూగుతది, మిషన్‌కు అంత బరువేం కాదు.

మిషన్ ఏ దిక్కుకు నిలబడాలో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఫొటో చూసి అర్థం చేసుకుంటరులే అనుకున్నవేమో. బ్లేడు పళ్లు సరుకును మిషన్ స్టాపర్ (కోసేటప్పుడు సరుకు ఆనే ముక్క) వైపు లాగుతయి. ఆ స్టాపర్ విప్పేసి, సరిగ్గా అదే జాగాలో టేబుల్ ప్లేటు బిగిస్తున్నం. అందుకే పిడి, మోటారు కిందికి, ముక్కు పైకి రావాలె. అప్పుడు పళ్లు కిందికి చూస్తయి, సరుకును టేబుల్‌కు అదిమి పెడతయి. తలకిందులుగా బిగిస్తే సరుకు ఎగిరి లేస్తది. ఈ నాలుగు వాక్యాలు మొదటి పేజీలోనే ఉండాలె, తక్కినవన్నీ దీని తర్వాతే.

స్టాపర్ స్క్రూల దగ్గర "తగిన స్క్రూలు వాడాలి" అన్నవు. "తగిన", "కొద్దిగా", "గట్టిగా" అనే మాటలు ఎక్కడ కనబడ్డా కొట్టెయ్. కొన్ని మిషన్లకు ఎం6 వస్తది, కొన్నిటికి పావు అంగుళం స్క్రూ వస్తది. చూస్తే రెండూ ఒకే తీరుగా ఉంటయి. కానీ ఎం6 చూడీల (స్క్రూ మీది మెలికల) మధ్య దూరం 1 మి.మీ., అంగుళానికి 20 చూడీలుండే పావు అంగుళం స్క్రూకు 1.27. ఒకదాని రంధ్రంలో ఇంకోదాన్ని బలవంతంగా తిప్పితే అల్యూమినియం బాడీలో చూడీలు కొట్టుకపోతయి, మిషన్ చెడిపోయినట్టే. విప్పిన స్క్రూనే జేబులో వేసుకొని దుకాణానికి పొమ్మని రాయి. "గట్టిగా బిగించాలి" బదులు, అల్లెన్ కీ (ఎల్ ఆకారపు చావి) పొట్టి కొస పట్టుకొని బిగించాలె అంటే చేతికి తెలిసిపోతది.

టేబుల్ ప్లేటులో బ్లేడు దూరే గాడి గురించి మాత్రం విస్తారంగా రాయి. అందరూ చెడగొట్టుకునేది అక్కడే. బ్లేడు మందం అర మి.మీ., పళ్ల వంపుతో కలిపి కోత ఒక మి.మీ. దాకా వస్తది. గాడి 3 మి.మీ. చాలు. ఐదారు పెడితే తెగిన చిన్న ముక్కలు అందులోంచి జారి కింది చక్రంలో పడతయి, బ్లేడు దిగిపోతది. ముందు బ్లేడు వచ్చే జాగా గుర్తుపెట్టి, గాడి ముగిసే చోట 8 మి.మీ. డ్రిల్ కొట్టాలె. తర్వాత అంచు నుంచి 1.2 మి.మీ. గ్రైండర్ డిస్క్‌తో పక్కపక్కన రెండు గీతలు, నడుమ మిగిలిన పొర తీసెయ్యాలె. ఒక్క ఊపులో కొయ్యొద్దు. రెండు వేళ్ల మందం కోసి ఆగాలె, ప్లేటు చెయ్యి పెట్టేంత చల్లబడ్డంకనే మళ్లీ. లేకుంటే వేడికి ప్లేటు వంగి, రెండు అంచులూ ఎగుడు దిగుడు అయితయి. ఇంకోటి, డిస్క్ గుండ్రం కాబట్టి పైన రంధ్రం దాకా తెగినా కింద కొంత మిగిలే ఉంటది. దాన్ని హాక్సా బ్లేడుతో తియ్యాలె. ఇది తెలియనోడు డిస్క్‌నే ఇంకా లోపలికి తోస్తడు, గాడి రంధ్రం దాటిపోతది.

స్టాండు ఎత్తు 380 అని రాసినవు. అది నీ మిషన్ కొలత. చదివేటోడి మిషన్ వేరే ఉంటది. స్టాపర్ కూర్చునే జాగా నుంచి పిడి అడుగు దాకా కొలిచి, రబ్బరు కోసం ఇంకో 10 మి.మీ. కలుపుకోమను. 40 × 40 × 5 ఎల్ యాంగిల్ నిలువులు రెండు, అడుగున 400 × 450 ప్లైవుడ్ 18 మి.మీ.ది, ఇవి ఎవరికైనా సరిపోతయి. పిడి కింద రబ్బరు వేసిన ఆసరా ఎందుకో కూడా చెప్పు: అది లేకుంటే మిషన్ బరువంతా రెండు స్క్రూల మీద వేలాడి, అదురుకు బాడీ పగులుతది. టాకులు పెట్టేటప్పుడు మిషన్ తీసి పక్కన పెట్టాలె. వెల్డింగ్ కరెంటు బేరింగుల్లోంచి పోతే గోలీల మీద మచ్చలు పడతయి.

గునియా రెండు దిక్కులా పెట్టి చూడాలె, బ్లేడు పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి. నూటికి 1 మి.మీ. తేడా ఉన్నా 50 మి.మీ. పైపు కొసలో అర మి.మీ. సందు వస్తది. కూల్‌డ్రింక్ డబ్బా రేకు ఒక పొర 0.1 మి.మీ. ఉంటది. టేబుల్ కింద ఒకటో రెండో పొరలు పెడితే సరిపోతది. ఇది నువ్వు రాసినవు, బాగుంది, ఉంచు.

బ్లేడు పళ్ల దగ్గర "ఎప్పుడూ మూడు పళ్లు సరుకు మీద ఉండాలి" అని సూత్రం చెప్పి వదిలినవు. లెక్క వేసి చూపించు. అంగుళానికి 14 పళ్ల బ్లేడులో పన్ను పన్నుకు 1.8 మి.మీ., కాబట్టి 6 మి.మీ. ప్లేటుకు మూడు పళ్లు దొరుకుతయి. 3 మి.మీ. యాంగిల్‌కు 24 పళ్లది కావాలె. 25 మి.మీ. చదరపు పైపు, 1.6 గోడది తీసుకో. 24 పళ్ల బ్లేడు పెట్టినా గోడ మందంలో ఒకటిన్నర పన్నే. బ్లేడు ముందు గోడను కోసేటప్పుడు పళ్లు నిలువునా తగులుతయి కాబట్టి మెత్తగా పోతది. అది తెగి, పై గోడ, కింది గోడ మాత్రమే మిగలగానే చప్పుడు మారుతది. పళ్లు ఊడేది సరిగ్గా ఆ క్షణంలోనే. చప్పుడు మారగానే చెయ్యి వదులు చెయ్యాలె అని రాయి.

మిషన్ ఆన్‌లోనే ఉండేటట్టు ట్రిగ్గర్‌కు తీగ చుట్టి కట్టమన్న పేరా మొత్తం తీసెయ్. మన దిక్కు కరెంటు రాగానే బోరు మోటారును తనంతట నడిపే ఆటో స్టార్టర్లు తెలియనోళ్లు లేరు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల వ్యవసాయ కరెంటు ఇచ్చినప్పుడు అవి తీసెయ్యమన్నరు కూడా. తీగ చుట్టిన ట్రిగ్గర్ కూడా అసొంటిదే. కరెంటు పోయినప్పుడు బ్లేడు దగ్గర చెయ్యి పెట్టి ముక్క తీస్తుంటే, కరెంటు రాగానే అదే తిరుగుతది. నో వోల్ట్ స్విచ్ పెట్టమను. కరెంటు వచ్చినా పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. భుజం మీది తువ్వాల తీసెయ్యాలన్నది కూడా అక్కడే ఒక ముక్క రాయి.

నీ వ్యాసంలో అసలు లేనిది ఒకటుంది. ఈ స్టాండులో మోటారు టేబుల్ కింద ఉంటది కదా, ఇనుప రజను అంతా దాని గాలి రంధ్రాల మీద రాలుతది. నడుమ సైకిల్ ట్యూబు ముక్క ఒకటి అడ్డం కట్టాలె. కోతకు నూనె, నీళ్లు పొయ్యొద్దు, మైనం కడ్డీ బ్లేడుకు రాస్తే చాలు. చక్రాల రబ్బరు మీద రజను పేరుకుంటే బ్లేడు జారుతది, బ్రష్‌తో దులపాలె.

గాడి బొమ్మ కంప్యూటర్లో కాదు, చేత్తోనే గీసి పంపు, పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. అంకెలు పెద్దగా రాయి. షాపు గోడకు అంటించుకుంటరు, నూనె మరకలు పడ్డా కనబడాలె.

నీ అన్న