టెక్ సందేహాలు: కరెంటు పోయినా చెరగని మెమరీ పెట్టిస్తే సరిపోతుందా?

ప్రశ్న: విజయనగరంలో ఎం.టెక్. చదువుతున్నాను. 2018 అక్టోబరులో పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానుపై డబ్ల్యూఆర్‌ఎఫ్ అనే వాతావరణ అంచనా నమూనాతో లెక్కలు నడుపుతున్నాను. కరెంటు పోయి సర్వర్ ఆగితే పనంతా మళ్లీ మొదటికి వస్తోంది. ఇంటెల్ ఆప్టేన్ పర్సిస్టెంట్ మెమరీ సెకండ్‌హ్యాండ్‌లో కొని పెట్టిస్తే ఈ ఇబ్బంది తీరుతుందా?

జవాబు: తీరదు. దయచేసి కొనకండి.

మామూలు ర్యామ్ ప్రతి బిట్‌నూ అతి చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా దాచుకుంటుంది. ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది కనుక సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకసారి దాన్ని తిరిగి నింపాలి. ఫేజ్ ఛేంజ్ మెమరీలోనైతే పదార్థపు అమరికే స్ఫటికంగానో అస్ఫటికంగానో మారి నిలిచిపోతుంది కాబట్టి విద్యుత్తు లేకపోయినా సమాచారం చెరగదు. ఇలాగే కరెంటు పోయినా చెరగకుండా, 2019లో ర్యామ్ స్లాట్లలోనే అమరేలా 128, 256, 512 జీబీ మాడ్యూళ్లుగా వచ్చిన ఆప్టేన్ నిజంగా గొప్ప ప్రయత్నం. అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాలలో ఉన్న అరోరా సూపర్ కంప్యూటర్ డావోస్ అనే తన సమాచార నిల్వ వ్యవస్థలో దీన్నే వాడుతోంది. అయినా 2022లో ఇంటెల్ ఈ వ్యాపారాన్ని ఆపేసింది.

మీ విషయంలో అసలు చిక్కు వేరే ఉంది. ఆ మాడ్యూళ్లను మెమరీ మోడ్‌లో నడిపితే అవి కేవలం పెద్ద ర్యామ్‌లా పనిచేస్తాయి తప్ప, రీబూట్ తర్వాత పాత సమాచారం మీకు దక్కదు. యాప్ డైరెక్ట్ మోడ్‌లో నడిపితే దక్కుతుంది కానీ, ప్రాసెసర్ క్యాష్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న తాత్కాలిక మెమరీలో) ఉన్న తాజా విలువలను సరైన క్రమంలో మెమరీకి చేర్చే బాధ్యత ప్రోగ్రామ్‌దే అవుతుంది. డబ్ల్యూఆర్‌ఎఫ్‌ను ఆ పద్ధతిలో రాయలేదు. పైగా ఈ మాడ్యూళ్లు ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లైన జియాన్‌లలో కొన్ని తరాలతో, వాటికి తగిన మదర్‌బోర్డులతో మాత్రమే పనిచేస్తాయి.

మీకు కావలసిన పరిష్కారం డబ్ల్యూఆర్‌ఎఫ్‌లోనే ఉంది. సెట్టింగులు ఉండే నేమ్‌లిస్ట్ ఫైలులో రీస్టార్ట్ ఇంటర్వెల్‌ను, అంటే లెక్కను మళ్లీ కొనసాగించడానికి కావలసిన స్థితిని రీస్టార్ట్ ఫైలుగా దాచే వ్యవధిని, తగ్గించండి. అక్కడ ఇచ్చే నిమిషాలు మన గడియారానివి కావు, నమూనాలో గడిచే కాలానివి. ఈ తేడా చూసుకోకపోవడం వల్లే చాలామందికి రీస్టార్ట్ ఫైలు పుట్టకముందే కరెంటు పోతుంది. మీ సర్వర్‌పై నమూనా కాలంలో ఒక గంట గడవడానికి ఎంతసేపు పడుతోందో ముందు కొలిచి, దాన్నిబట్టి విలువ నిర్ణయించండి. ఆ ఫైళ్లను వేగంగా రాయగల ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌పై రాయించండి. ఆప్టేన్‌కు పెట్టాలనుకున్న డబ్బుతో, రీస్టార్ట్ ఫైలు పూర్తిగా రాసేంతసేపు సర్వర్‌ను నిలబెట్టగల యూపీఎస్ కొనండి. కరెంటు వచ్చాక నేమ్‌లిస్ట్‌లో రీస్టార్ట్‌ను ట్రూగా మార్చి, ప్రారంభ సమయాన్ని చివరి రీస్టార్ట్ ఫైలు సమయానికి సరిచేస్తే లెక్క అక్కడి నుంచే కొనసాగుతుంది.

ఎంర్యామ్ (అయస్కాంత ధర్మంతో సమాచారం దాచేది), రెసిస్టివ్ ర్యామ్ (విద్యుత్ నిరోధాన్ని మార్చి దాచేది) వంటి, కరెంటు పోయినా చెరగని తర్వాతి తరం మెమరీలపై మీకు ఆసక్తి ఉంటే, అది నిలుపుకోదగ్గ ఆసక్తే. వాటి చిప్‌ల సామర్థ్యం ఇంకా చిన్నది కనుక సర్వర్ ర్యామ్‌కు బదులుగా ఇప్పుడే దొరకవు. అయితే ఈ తరహా ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి హార్డ్‌వేర్ కొననవసరం లేదు: లినక్స్‌లో మెమ్‌మ్యాప్ అనే బూట్ ఆప్షన్‌తో మామూలు ర్యామ్‌లో కొంత భాగాన్ని పర్సిస్టెంట్ మెమరీగా చూపించి, పర్సిస్టెంట్ మెమరీ ప్రోగ్రామింగ్ కోసం ఉన్న పీఎండీకే లైబ్రరీతో సాధన చేయవచ్చు.