మళ్ళీ నెల వస్తానని చెప్పొచ్చాను, ఆ పిల్ల ఎదురుచూస్తుంటది

గుంటూరు లక్ష్మీపురం నుంచి 54 ఏళ్ల ఒకావిడ రాశారు. ఉత్తరం పెద్దది, విషయం వరకు చెప్తాను. కూతురు కాన్పుకని నైరోబీ వెళ్ళి మూడు నెలలు ఉన్నారు. డిసెంబర్ 12న అక్కడ జమ్హూరీ డే, అల్లుడి ఆఫీసు వాళ్ళంతా ఒక అనాథ పిల్లల హోమ్‌కి వెళ్తుంటే ఈవిడా వెళ్ళారు. జెండా ఎగరేశారు, పాటలయ్యాయి, ఈవిడ ఆయాలతో కూర్చుని చపాతీలు ఒత్తారు. ఆరేళ్ల పిల్ల ఒకత్తి షోషో షోషో అంటూ, అంటే వాళ్ళకి అమ్మమ్మ అనట, సాయంత్రం దాకా కొంగు వదల్లేదు. వచ్చేసేటప్పుడు ఏడుస్తుంటే మళ్ళీ నెల వస్తానని అల్లుడి చేత చెప్పించారు. సంక్రాంతికి ఇండియా వచ్చేశారు. ఇప్పుడు ఆగస్టు 15 దగ్గరపడి పక్క స్కూల్లో పిల్లలు రిహార్సల్స్ చేస్తుంటే ఏడుపు ఆగట్లేదట. వాట్సాప్ డీపీ కూడా ఆ పిల్లదే. తెచ్చి పెంచుకుంటానంటే 61 ఏళ్ల భర్త నీకు పిచ్చా అంటున్నారు, ఏం చెయ్యమంటారు అని అడిగారు.

అమ్మా, పెంచుకోవడం సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఆ ఆశ ఉన్నంతకాలం మీకు నిద్ర పట్టదు. కుదరదు. పిల్లల అక్రమ రవాణా జరుగుతోందనే భయంతో కెన్యా ప్రభుత్వం 2014 నవంబర్‌లోనే విదేశీయులకి దత్తత ఇవ్వడం మీద నిషేధం పెట్టింది. అది పక్కన పెట్టి మన రూల్స్ చూసినా 4 దాటి 8 ఏళ్ల లోపు పిల్లని దత్తత తీసుకోవాలంటే భార్యాభర్తల వయసు కలిపి 100 దాటకూడదు, మీ ఇద్దరిదీ 115. ఇంకోటి, హోమ్‌లో ఉన్నంత మాత్రాన ఎవరూ లేరని కాదండి, అక్కడైనా మన దగ్గరైనా చాలామంది పిల్లలకి తల్లో తండ్రో ఉంటారు, తిండి పెట్టలేక, చదివించలేక వదిలినవాళ్ళే ఎక్కువ. ఆ పిల్ల సొంత షోషో ఏ పల్లెటూళ్ళోనో ఉండి ఉండొచ్చు.

మీరు వెళ్ళడం తప్పని నేననను. జమ్హూరీ డే అంటే వాళ్ళకి 1963లో స్వాతంత్ర్యం వచ్చిన రోజు, సరిగ్గా ఏడాదికి 1964లో రిపబ్లిక్ అయిందీ అదే తేదీన, అంటే మన ఆగస్టు 15, జనవరి 26 రెండూ ఒకే రోజన్నమాట. రోజూ ఉగాలీ, అదే మన జొన్న సంకటి లాంటిది కాకపోతే మొక్కజొన్న పిండితో, అది తినే పిల్లలకి చపాతీ అంటే పండగే. మీరు పెట్టింది వాళ్ళ పండగ భోజనమే, బాగుంది. తేడా కొట్టింది ఆ ఒక్క మాట దగ్గర, మళ్ళీ నెల వస్తానన్నారు చూశారా. ఏడుపు ఆపడానికి అన్నారు, మనింట్లో పిల్లలకీ అలాగే చెప్తాం కానీ మనింట్లో పిల్లకి సాయంత్రానికి అమ్మ ఉంటది. హోమ్ పిల్లలు పండగ పండగకీ వచ్చి ఎత్తుకుని ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళని ఎంతమందిని చూసుంటారో. కొత్తవాళ్ళ మీద అంత తొందరగా వాలిపోతే మనం ఎంత ప్రేమో అనుకుంటాం, చాలాసార్లు అది నిలకడగా తమవాళ్ళు అనేవాళ్ళు లేకపోవడం వల్ల వచ్చేది.

కాబట్టి అల్లుడి ద్వారా హోమ్‌లో ఆయాని ఒక్కటి అడిగించండి, ఆ పిల్ల ఇంకా నా గురించి అడుగుతుందా అని. మర్చిపోయిందంటే మనసు చివుక్కుమంటది గానీ వదిలెయ్యండి, కదపొద్దు. అడుగుతుందంటే ఆయా చేతే చెప్పించండి, షోషో వాళ్ళ ఊరు చాలా దూరం, రాలేకపోయింది, నీ మీద కోపం కాదు అని. మళ్ళీ వస్తాననే మాట మాత్రం రానివ్వకండి. రోజూ వీడియో కాల్స్ వద్దు. డబ్బు పంపాలనిపిస్తే ఆ ఒక్క పిల్ల పేరున కాకుండా హోమ్‌కే పంపండి, జనవరిలో వాళ్ళ స్కూళ్ళు తెరుస్తారు, యూనిఫాంలకి పనికొస్తది. డీపీ మాత్రం ఇవాళే తీసెయ్యండి, మీ మనవరాలి ఫోటో ఎవరో నైరోబీలో డీపీ పెట్టుకుంటే మీరు ఊరుకుంటారా?

మీవారి సంగతి. మూడు నెలలు క్యారేజీ మీల్స్ తిని మీకోసం ఎదురుచూసిన మనిషండీ, మీరొచ్చాక ఇంట్లో ఆ పిల్ల ఊసు తప్ప ఇంకోటి లేదాయె. పిచ్చా అనడం తప్పే, కానీ అందులో అలక కూడా ఉంది, నాకైతే అలాగే వినిపించింది.

ఆగస్టు 15న ఇక్కడి హోమ్‌కి వెళ్దామనుకుంటున్నానని చివర్లో రాశారు, ఆ రోజు వద్దు. బెజవాడలో నేను చూసిన ఒక హోమ్‌కి ఆ రోజు మధ్యాహ్నం లోపు నాలుగు బ్యాచ్‌లు బిర్యానీ ప్యాకెట్లతో దిగారు, రాత్రికి సగం మంది పిల్లలకి వాంతులు, మర్నాడు పలకరించడానికి ఒక్కరూ లేరు. మీరు 16 తర్వాత మొదలుపెట్టండి. గుంటూరులో జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉంది, అక్కడ అడిగితే ఏ హోమ్‌లో ఏం అవసరమో చెప్తారు. వారానికి ఒక్క రోజే అయినా అదే రోజు, అదే టైముకి వెళ్ళాలి. మీవారు బ్యాంకులో రిటైర్ అయ్యారన్నారుగా, టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్పమనండి, మీ వెనకాల సంచి మోసుకుని రావడం కంటే ఆయనకి అది నచ్చుద్ది.

అల్లుడికి ఫోన్ రాత్రి ఎనిమిదిన్నరకి చెయ్యండి, వాళ్ళకప్పుడు ఆరవుద్ది, ఆఫీసు నుంచి వచ్చేసి ఉంటాడు. స్పీకర్‌లో పెట్టి మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.